ఏటి వరదలకు మన పొలమునకు గల సంబంధము

(రైతు శిక్షణ శిబిరమునందు చేసిన ప్రసంగ పాఠము)



గత వేసవిలో ఇటువంటి శిబిరమే ఒకటి బుడమేరు దిగువనున్న ఒక గ్రామములో జరిగినది. నేను వరికి ఎరువుల వాడుకను గూర్చి చెప్పుచుండగా, వెనుక వరుస నుండి ఒక పెద్దవారు లేచి, "ఎరువు సంగతి తరవాత చెబుదురుగాని మాస్టారూ! పైన వాన దేవుడిది, కింద కాలువ సర్కారుది. నడుమ మేం చేసేదేముంది, మునగటం తప్ప?" అని అడిగిరి. సభలో అందరును నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. 2024 సెప్టెంబరులో ఆయన నాటిన వరి అంతయు నీట మునిగి కుళ్ళిపోయిన సంగతి నేనెరుగుదును. ఆ దినమున నేను చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగింపలేదు. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పవలెననియే నేటి ఈ ప్రసంగము.

నా సమాధానమును ముందుగనే క్లుప్తముగా చెప్పెదను. వాన ఎంత కురియవలెనో మన చేతిలో లేదు. కాని కురిసిన వాన ఎంత వేగముగా ఏటిలో చేరునో, చేరిన నీరు ఎంత వేగముగా సముద్రమునకు పోవునో, ఈ రెండును చాలవరకు నేలపై మనము చేయు పనులను బట్టియే యుండును. మొదటిది నిదానముగా జరుగవలెను. రెండవది అడ్డులేక జరుగవలెను. మనము చాలచోట్ల దీనికి సరిగా తలక్రిందులుగా చేయుచున్నాము. ఎగువన నీటిని పరుగెత్తించుచున్నాము; దిగువన దానికి అడ్డు కట్టుచున్నాము.

వాన తీరు

మన పెద్దలు కార్తెలను బట్టి వానను లెక్కించెడివారు. ఏ కార్తెలో నారు పోయవలెనో, ఏటికి ఎప్పుడు నీరు వచ్చునో వారికొక అంచనా యుండెడిది. నేడు ఆ అంచనా తరచుగా తప్పుచున్నది.

2009వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ యేడు దేశము మొత్తముమీద నైరుతి ఋతుపవనపు వాన సగటుకంటె సుమారు 22 శాతము తక్కువ పడినది. అది కరవు సంవత్సరము. కాని సెప్టెంబరు చివరను, అక్టోబరు మొదటి దినములలోను కర్ణాటకలోను, రాయలసీమలోను కుంభవృష్టి కురిసెను. శ్రీశైలము జలాశయములోనికి ఒక దశలో సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినది. ఆ ఆనకట్టను కట్టునప్పుడు ఊహించిన గరిష్ఠ వరద 19 లక్షల క్యూసెక్కులు మాత్రమే. కర్నూలు నగరము నీట మునిగినది. కరవు సంవత్సరమే వరద సంవత్సరము కూడ అయినది.

గోదావరి సంగతియు అట్టిదే. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. మరల 2022లో అది 71.3 అడుగులకు వచ్చినది. అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగుల వద్దనే ఇత్తురు. 2022లో ఆ వరద వచ్చినది జూలై నెల నడుమ. నారుమళ్ళు ఇంకను పూర్తిగా లేవని దినములవి.

దీనికి కారణమేమి? గాలి ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కినచో అది సుమారు 7 శాతము ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకొనగలదు. సముద్రము వేడెక్కినచో ఆ ఆవిరి మరింతగా లేచును. అట్టి గాలి మేఘమై కురిసినప్పుడు, పది దినములకు రావలసిన వాన ఒకటి రెండు దినములలో కురియును. తరువాత నెలంతయు చినుకు లేకపోవచ్చును. మధ్య భారతములో విస్తారమైన ప్రాంతములపై ఒకేసారి కురియు అతి భారీ వర్షములు 1950కిని 2015కిని నడుమ సుమారు మూడు రెట్లయినట్లు వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. గోదావరికి వరద నీటిని తెచ్చు ప్రాణహిత పరివాహము ఆ వైపుననే యున్నది.

అయితే ప్రతి వరదను వాతావరణము మీదికే నెట్టివేయుట సరికాదు. పూర్వమును పెద్ద వానలు కురిసినవి, పెద్ద వరదలు వచ్చినవి. వాన ఒకటే యైనను, అది పడిన నేలను బట్టి వరద మారును. ఇప్పుడా సంగతి చూతము.

ఒకే వాన, రెండు వరదలు

ఒక బిందెడు నీటిని అలికి గట్టిపరచిన కళ్ళముపై కుమ్మరించి చూడుడు. క్షణములో అంచుకు పారిపోవును. అదే బిందెడు నీటిని దున్నిన చేలో పోయుడు. అది నిలుచును, ఇంకును; మిగిలినది మెల్లగా కదలును. ఏటికి ఎగువనున్న భూమి కళ్ళమువలె నున్నచో వాన కురిసిన కొద్ది గంటలలోనే ఏరు పొంగును. దుక్కివలె నున్నచో అదే నీరు కొన్ని దినముల పాటు సాగి, ఏరు తన గట్ల నడుమనే పోవును. రెండు సందర్భములలోను వాన ఒకటే. వరద యొక్క ఎత్తు వేరు.

ఎగువ భూమి కళ్ళముగా ఎట్లు మారును? కొండవాలులో చెట్లు, తుప్పలు పోయినప్పుడు చినుకు నేరుగా మట్టిని కొట్టును. ఆ దెబ్బకు సన్నని మట్టి లేచి రంధ్రములను మూసివేసి, పైన పొరగా కట్టును. గరుసు కొరకు గుట్టలను తవ్వినచోట ఇంకించుకొనుటకు మట్టియే మిగులదు. వాలు వెంబడి పైనుండి క్రిందికి దున్నినచో ప్రతి నాగటిచాలు ఒక చిన్న కాలువ యగును. తోటలలో గడ్డి పరక లేకుండ నున్నగా ఉంచుట శుభ్రతగా కనిపించును. కాని వానకు ఆ నేల కళ్ళమువంటిదే. ఇండ్లు, రోడ్లు, సిమెంటు నేలలు వచ్చినచోట ఇక చెప్పనక్కర లేదు.

నల్లరేగడి విషయములో మరియొక సంగతి గమనింపవలెను. వేసవిలో ఆ నేల నెఱ్ఱెలు విచ్చి యుండును. తొలకరి వానను ఆ నెఱ్ఱెలు త్రాగివేయును. ఒకసారి తడిసి ఉబ్బిన తరువాత నెఱ్ఱెలు మూసుకొని, నీరింకుట మిక్కిలి తగ్గిపోవును. కావున జూన్‌లో కురిసిన పది సెంటీమీటర్ల వాన వేరు, ఆగస్టు చివర కురిసిన పది సెంటీమీటర్ల వాన వేరు. రెండవది దాదాపు అంతయు పారును. పెద్ద జలాశయముల సంగతియు ఇంతే. ఖాళీగా నున్న జలాశయమే వరదను ఆపగలదు. నిండినది వచ్చినదానిని వచ్చినట్లే వదలవలెను.

బుడమేరు నేర్పిన పాఠము

బుడమేరు మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టినది. వెలగలేరు వద్ద దానికొక రెగ్యులేటరు, అక్కడినుండి ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలోనికి నీటిని మళ్ళించు కాలువయు కలవు. మళ్ళింపునకు మించిన నీరు విజయవాడ ప్రక్కగా పోయి, గుడివాడ, నందివాడ వైపు పొలముల మీదుగా కొల్లేరు చేరును. కొల్లేటి నుండి సముద్రమునకు త్రోవ ఉప్పుటేరు ఒక్కటే. దాని పొడవు సుమారు 60 కిలోమీటర్లు.

2024 ఆగస్టు 31న మొదలైన వాన విజయవాడను, ఖమ్మమును, ఈ ఎగువ ప్రాంతమునంతటిని ముంచెత్తెను. ఆ వాయుగుండము సెప్టెంబరు 1 తెల్లవారుజామున కళింగపట్నము సమీపమున తీరము దాటినది. అప్పటికే శ్రీశైలము, నాగార్జునసాగరము నిండియున్నవి. వాటికి దిగువనున్న పాలేరు, మునేరు వంటి ఏరుల నీరును కృష్ణలో కలిసినది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009లో వచ్చిన 11.10 లక్షలను మించినది.

కృష్ణ అంత ఎత్తున పారుచుండగా మళ్ళింపు కాలువ నీరు దానిలోనికి సులభముగా దిగజాలదు. పై నుండి బుడమేరు నెట్టుచున్నది; క్రింది నుండి కృష్ణ అడ్డుకొనుచున్నది. ఆ కాలువ గట్లకు మూడుచోట్ల గండ్లు పడినవి. విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురము వంటి పేటలు దినముల తరబడి నీటిలో నుండినవి. ఏటి గర్భములోనికి ఇండ్లు జరిగినచోట, ఏరు తన పాత త్రోవను వెదకికొనుచు ఆ ఇండ్లలోనికే వచ్చినది. ఏటికి మన పట్టాలు తెలియవు. దానికి పల్లమే తెలియును.

ఆ నీరు మన పొలములను దాటి కొల్లేరు చేరవలెను. కొల్లేరు రెండు డెల్టాల నడుమ ప్రకృతి ఏర్పరచిన పెద్ద పళ్ళెము వంటిది. వరద వచ్చినప్పుడు విస్తరించి నీటిని పట్టుకొని, తరువాత ఉప్పుటేటి ద్వారా మెల్లగా వదలుట దాని పని. ఐదవ కాంటూరు వరకు దాని విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లు. ఇంత మేర 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. అయినను ఆ పళ్ళెములో వేలాది ఎకరముల చేపల చెరువుల గట్లు లేచినవి. 2006లో ప్రభుత్వము చాల గట్లను కొట్టించినది. తరువాతి కాలమున పలుచోట్ల అవి మరల లేచినవి.

ఇందులో చేపలు పెంచువారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. 1970వ దశకములో సహకార సంఘములకు అక్కడ చెరువులు ఏర్పరచి యిచ్చినది ప్రభుత్వమే. ఆ చెరువులపై బ్రతుకు కుటుంబములు వేలు గలవు. కాని న్యాయము వేరు, నీటి లెక్క వేరు. నీరు మన కష్టసుఖములు విచారింపదు.

కొంచెము లెక్క

ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది సుమారు 4 వేల లీటర్లు. పది సెంటీమీటర్ల వాన యనగా ఎకరమునకు 4 లక్షల లీటర్లు. 70 వేల ఎకరముల మళ్ళలో పది సెంటీమీటర్ల నీరు నిలిచినచో అది సరిగా ఒక టి.యం.సి. యగును.

ఇప్పుడు ఏటిని చూడుడు. 10 వేల క్యూసెక్కులతో పారు వాగు ఒక దినమున తెచ్చు నీరు 0.86 టి.యం.సి. అనగా 60 వేల ఎకరముల మళ్ళు పది సెంటీమీటర్ల చొప్పున పట్టుకొనగల నీరు. కావున బుడమేరువంటి ఏటి విషయములో ఎగువ పొలములు, చెరువులు వరదను తగ్గింపగలవు. కాని 11.43 లక్షల క్యూసెక్కుల కృష్ణ ఆ స్థాయిలోనే ఒక దినము పారినచో దాదాపు 99 టి.యం.సి. యగును. దానిని మన మడిగట్లు ఆపలేవు. ఈ తేడాను మీకు దాచిపెట్టి, గట్లు వేసినంతనే వరదలు పోవునని చెప్పుట మోసము. పెద్దనదికి కావలసినది జలాశయములలో ముందుచూపుతో ఉంచిన ఖాళీ, గట్టి కరకట్టలు, సకాలపు హెచ్చరిక. చిన్న ఏటికి కావలసినది మన పొలము.

కొల్లేటి లెక్కయు చూడుడు. 308 చదరపు కిలోమీటర్లలో నీటిమట్టము ఒక్క అడుగు పెరిగినచో అందులో 3.3 టి.యం.సి.ల నీరిమిడును. ఇది 10 వేల క్యూసెక్కుల వాగు దాదాపు నాలుగు దినములు తెచ్చు నీటికి సమానము. ఆ విస్తీర్ణములో సగము గట్ల చాటునకు పోయినచో, ఆ నీటిలో సగము ఎక్కడికి పోవును? ఎగువకు ఎగదన్ని మన వరిచేలలో నిలుచును.

మనము చేయదగిన పనులు

ఎగువ మెట్ట రైతులు:

1. దుక్కి, విత్తనము వాలుకు అడ్డముగా జరుపవలెను. దీనికి అదనపు ఖర్చు లేదు. ప్రతి చాలు ఒక చిన్న గట్టుగా పనిచేయును.

2. మామిడి తోటలలో వానకాలమున నేలను ఖాళీగా ఉంచక జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైరు వేయవలెను. చెట్టుకు దిగువ వైపున అర్ధచంద్రాకారముగా గట్టు వేయవలెను.

3. వాలుకు అడ్డముగా కందకములు త్రవ్వవలెను. మీటరు వెడల్పు, అర మీటరు లోతు, పది మీటర్ల పొడవు గల ఒక కందకము నిండిన ప్రతిసారి 5 వేల లీటర్లు పట్టును. ఆ నీరు వరదకు తగ్గును. మీ బోరుకు పెరుగును.

చెరువు క్రింది రైతులు:

4. చెరువునకు నీటిని తెచ్చు వాగులను, చెరువు శిఖము భూమిని దున్నరాదు. వేసవిలో పూడిక తీసి పొలములకు తోలుకొనవలెను. మట్టికి మట్టి, చెరువునకు లోతు రెండును దక్కును.

5. అలుగుపై ఇసుక బస్తాలు పేర్చి ఎక్కువ నీరు నిలుపుట మానవలెను. ఒక తడికో, చేపలకో ఆశపడి చేయు ఈ పని వలన, పెద్ద వాన వచ్చినప్పుడు నీరు కట్టమీదుగా పొర్లి గండి పడును. ఒక చెరువు తెగినచో దాని క్రింది చెరువులును వరుసగా తెగవచ్చును.

డెల్టా రైతులు:

6. మురుగు కాలువలకు అడ్డముగా కట్టలు, ఇరుకు తూములు, చేపల కొరకు వలకట్టలు పెట్టరాదు. గుర్రపుడెక్కను, తూటికాడను మే నెలలోనే తీసివేయవలెను. వరద వచ్చిన తరువాత తీయుటకు వీలుపడదు. కొట్టుకొనివచ్చిన డెక్క అంతయు వంతెనల క్రింద చేరి కట్టవలె నిలుచును.

7. పిలకలు వేసిన వరిలో మడిగట్లను బలపరచి కొద్ది దినములు పది సెంటీమీటర్ల నీటిని నిలుపవచ్చును. క్రొత్తగా నాటిన చేనిలోను, పల్లపు చేలలోను ఈ పని చేయరాదు. ఎగువవాడు నిలుపవలెను, పల్లపువాడు వదలవలెను. ఇద్దరును ఒకే పని చేసినచో ఇద్దరికిని నష్టమే.

8. తరచు మునుగు చేలకు స్వర్ణ సబ్-1 వంటి వరి రకమును ఎన్నుకొనవలెను. మారుటేరు పరిశోధనా స్థానపు స్వర్ణ రకములోనికి ముంపును తట్టుకొను గుణమును చేర్చి దీనిని తయారు చేసిరి. మునిగినప్పుడు ఇతర రకములు నీటిపైకి వచ్చుటకు ఏపుగా పెరిగి శక్తి కోల్పోవును. ఇది ఎదుగుదలను ఆపి, శక్తిని దాచుకొని, దాదాపు రెండు వారముల పూర్తి ముంపును ఓర్చుకొనును. పిలకలు వేయు దశలో మునిగి తేరిన చేనికి నీరు తీసిన పిమ్మట ఎకరమునకు 20 కిలోల యూరియా, 10 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పైపాటుగా వేయవలెను. నీరుండగా వేసిన ఎరువు కాలువ పాలగును.

మా ఎనిమిది సెంట్లు

ఇతరులకు చెప్పుటకు ముందు మా యింటి సంగతి చెప్పుకొనవలెను. మా కుటుంబమునకును ఒక మురుగు కాలువ ప్రక్కన పొలము కలదు. 2024 వరద తీసిన తరువాత మా తండ్రిగారితో కలిసి గట్టుమీద నడచుచు చూచితిని. కాలువకు ఆవలి వైపున సర్వే రాయి యున్నది. కొలిచి చూడగా మా గట్టు 80 మీటర్ల పొడవున, నాలుగు మీటర్లు కాలువ పోరంబోకులోనికి జరిగియున్నది. అది ఎనిమిది సెంట్ల నేల. మా తాతగారి కాలమున ఏడాదికి ఒక పార వెడల్పున జరిగినది కావచ్చును. అక్కడ మేము ఎన్నో పంటలు మినుము తీసికొంటిమి. నేనును ఆ గట్టుమీదనే నడచి బడికి పోయితిని. పాఠములు చెప్పుటకును వచ్చితిని. ఒక్కనాడైనను కొలిచి చూడలేదు.

గత వేసవిలో ఆ గట్టును వెనుకకు జరిపితిమి. ప్రక్క చేను వారు వచ్చి, "మీరొక్కరు జరిపితే వరద ఆగుతుందా మాస్టారూ? మీ ఎనిమిది సెంట్లు పోవటం తప్ప!" అని అనిరి. వారు చెప్పినది నిజమే. మేమొక్కరము జరిపినందువలన వరద ఆగదు. ఇరుకైన కాలువలో ఒక్కచోట వెడల్పు చేసినను, దాని పైనను క్రిందను ఇరుకే యున్నచో పారుదల పెరుగదు. కాలువ పొడవునను అందరును కలిసి జరుపుకొన్ననే ఫలితము. కాని ఎవరో ఒకరు మొదట జరుపకున్న అందరును జరుపుట ఎన్నడును జరుగదు. మా తండ్రిగారు మాత్రము ఒకే మాట అనిరి: "మనది కాంది పోయిందిరా. పోయిందేముంది?"

ముగింపు

కావున ఈ వేసవిలో మీ గ్రామమున ఒక పని చేయవలెనని కోరుచున్నాను. సర్వే పటము తీసికొని, నీటి సంఘమువారు, రైతులు, చేపల చెరువులవారు కలిసి మీ మురుగు కాలువ వెంబడి మొదటినుండి చివరివరకు ఒకసారి నడువుడు. ఎక్కడ ఇరుకైనదో, ఎక్కడ అడ్డున్నదో వ్రాసికొనుడు. తగవులాడుటకు కాదు; ముందు తెలిసికొనుటకు. మీరు చేయగలిగినది మీరు చేయుడు. వంతెన, తూము, ఉప్పుటేటి పూడిక వంటివి ప్రభుత్వము చేయవలసిన పనులు. చేతిలో ఆ వ్రాత యున్నప్పుడు వాటిని అడుగు మాటకు బలముండును.

ఆ పెద్దవారికి నేను చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెప్పుచున్నాను. అయ్యా, పైన వాన దేవునిదే. క్రింద కాలువ సర్కారుదే. కాని ఆ రెంటికి నడుమనున్న నేల మనది. వాన వరద యగుటయో, పంట యగుటయో చాలవరకు ఆ నడుమనే తేలును. ఎగువన నిలుపుడు, దిగువన వదలుడు, ఏటి త్రోవను ఏటికి విడిచిపెట్టుడు.